టీచర్‌గా ఏటా పదునెక్కడం ఎలా? హైదరాబాద్ ఉపాధ్యాయులకు ఒక సమగ్ర మార్గదర్శి

సర్క్యులర్ వస్తుంది. ట్రైనింగ్‌కి వెళ్తాం, సంతకం పెడతాం, టీ తాగుతాం, సర్టిఫికెట్ తెచ్చి ఫైల్లో పెడతాం. ఫైలు లావెక్కుతుంది. సోమవారం మూడో పీరియడ్‌లో ఆరో తరగతి మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. సర్కారీ బడి కావచ్చు, గల్లీలోని బడ్జెట్ స్కూల్ కావచ్చు, కార్పొరేట్ క్యాంపస్ కావచ్చు. హైదరాబాద్‌లో ఏ స్టాఫ్ రూమ్‌లో కూర్చున్నా ఈ మాటే వినిపిస్తుంది.

సర్వీసు పెరిగితే పనితనం దానంతటదే పెరుగుతుందా? మొదటి మూడు నాలుగేళ్లలో చాలామందికి వేగంగానే పెరుగుతుంది. ఆ తర్వాత పెరగడం, పెరగకపోవడం బడి వాతావరణాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలోని నార్త్ కరోలినాలో మాథ్యూ క్రాఫ్ట్, జాన్ పేపే టీచర్ల మీద చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. తోటివాళ్ల సహకారం, హెడ్ మాస్టర్ అండ, క్రమశిక్షణ బాగున్న బళ్లలో పనిచేసే టీచర్లు, అవి అంతగా లేని బళ్లలోని వాళ్లకంటే పదేళ్లలో సగటున 38 శాతం ఎక్కువ మెరుగుపడ్డారని అందులో తేలింది. వాతావరణం మొత్తాన్ని మనం మార్చలేం గానీ, మన క్లాసు, పక్క క్లాసు మన చేతిలోనే ఉన్నాయి.

నా మటుకు నేను నమ్మేది ఒకటే: టీచర్ పనితనం పెరిగేది క్లాసులోనే. ట్రైనింగ్, పుస్తకం, కోర్సు ఇవన్నీ దానికి సరుకు అందించేవి. అందుకే ఈ మార్గదర్శిలో ట్రైనింగ్ ఐదో అడుగులో గానీ రాదు.

మొదటి అడుగు: ఒక ప్రశ్న పట్టుకోండి

జూన్‌లో బడి తెరిచాక రెండు మూడు వారాలు క్లాసుని గమనించి, మిమ్మల్ని నిజంగా ఇబ్బంది పెడుతున్న ఒక్క విషయాన్ని ఎంచుకోండి. "నా బోధన మెరుగుపడాలి" అనేది ప్రశ్న కాదు, కోరిక. "ఏడో తరగతిలో సగం మంది సొంతంగా నాలుగు వాక్యాలు ఎందుకు రాయలేకపోతున్నారు?", "ఇంట్లో ఉర్దూ, హిందీ, లంబాడీ మాట్లాడే పిల్లలు నా తెలుగు క్లాసులో ఎందుకు నోరు విప్పడం లేదు?", "ప్రయోగం చూపించినప్పుడు చప్పట్లు కొట్టిన పిల్లలు పరీక్షలో అదే ప్రశ్న ఎందుకు వదిలేశారు?" ఇవీ ప్రశ్నలంటే. ఏడాదికి ఒకటి చాలు. ఉత్సాహం ఎక్కువైతే రెండు. మూడు పెట్టుకున్నవాళ్లు దసరా సెలవులకల్లా మూడూ వదిలేస్తారు.

రెండో అడుగు: పిల్లల తప్పుల్ని వేరు చేసి చూడండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. నాకు తెలిసి టీచర్ చదవాల్సిన వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనవి పిల్లల నోటు పుస్తకాలే.

గణితం నుంచి ఒక ఉదాహరణ. ఆరో తరగతిలో దశాంశ భిన్నాలు చెప్పాక, చిన్న కాగితం ముక్కలు పంచి మూడు ప్రశ్నలు అడగండి. 0.35, 0.8 లలో ఏది పెద్దది? 0.75, 0.3 లలో ఏది పెద్దది? 0.5, 0.50 లలో ఏది పెద్దది? పేరు రాయమనండి, మార్కులు మాత్రం ఉండవని ముందే చెప్పండి. ఐదు నిమిషాల పని.

కాగితాల్ని దిద్దకండి. టేబుల్ మీద కుప్పలుగా వేరు చేయండి. ఒక కుప్పలో 0.35, 0.75, 0.50 పెద్దవని రాసినవాళ్లు వస్తారు. వీళ్లు పాయింటు తర్వాతి అంకెల్ని మామూలు పూర్ణసంఖ్యల్లా చదువుతున్నారు: ముప్పై ఐదు ఎనిమిది కన్నా పెద్దది కదా అని. ఇంకో కుప్పలో 0.8, 0.3, 0.5 పెద్దవని రాసినవాళ్లు. వీళ్ల లెక్క వేరు: నూరో వంతు కన్నా పదో వంతు పెద్దది కాబట్టి అంకెలు తక్కువున్నదే పెద్దదని అనుకుంటున్నారు. మూడో కుప్ప సరిగ్గా చేసినవాళ్లది. ఎటూ చేరని కాగితాలు కొన్ని మిగులుతాయి. ఆ పిల్లల్ని పిలిచి "ఇది పెద్దదని ఎలా అనుకున్నావు?" అని అడగాల్సిందే.

మొదటి ప్రశ్న ఒక్కటే అడిగి ఉంటే ఏమయ్యేది? రెండో కుప్పలోని పిల్లలందరికీ రైటు పడేది. తప్పుడు ఆలోచనకి సరైన జవాబు వచ్చేది, మనం సంతోషంగా తర్వాతి పాఠానికి వెళ్లిపోయేవాళ్లం. స్లిప్ టెస్టుల్లో ఇలా తప్పించుకుపోయేవి ఎన్ని ఉంటాయో ఆలోచించండి.

మందు కూడా కుప్పని బట్టే. చాలామంది చెప్పే చిట్కా "సున్నా చేర్చి పోల్చు": 0.8ని 0.80 చేయి, 80 పెద్దది, అయిపోయింది. జవాబు వస్తుంది, భావన రాదు. అదే పిల్లని 0.3కీ 0.4కీ మధ్య ఒక సంఖ్య చెప్పమంటే "ఏమీ లేదు సార్" అంటుంది. రూపాయలు, పైసల ఉదాహరణ కూడా ఇక్కడ పెద్దగా పనికిరాదు. డబ్బులో పాయింటు తర్వాత ఎప్పుడూ రెండంకెలే కాబట్టి అసలు చిక్కు కనపడకుండా పోతుంది. (పైగా ఈ కాలం పిల్లలు పైసని చూసిందెక్కడ?) పది అడ్డం పది నిలువు గళ్లున్న గ్రాఫ్ కాగితం ఇచ్చి, ఒక దాంట్లో ఎనిమిది నిలువు వరుసలు, ఇంకో దాంట్లో ముప్పై ఐదు గళ్లు రంగు వేయించండి. మెహదీపట్నం రైతుబజార్‌లో ఎలక్ట్రానిక్ కాంటా మీద 0.350, 0.800 అని కనపడేది ఏంటో అడగండి. పిల్లల ఎత్తుల్ని మీటర్లలో కొలిపించి, 1.4 మీటర్లున్న పిల్లాణ్ణీ 1.35 మీటర్లున్న పిల్లాణ్ణీ పక్కపక్కన నిలబెట్టండి. వారం తర్వాత అవే మూడు ప్రశ్నలు, అంకెలు మార్చి మళ్లీ అడగండి. ఏ కుప్ప తగ్గింది? ఏది తగ్గలేదు?

సబ్జెక్టు తెలియడం ఒకటి, ఆ సబ్జెక్టు పిల్లల బుర్రలో ఎక్కడ ఇరుక్కుంటుందో తెలియడం ఇంకొకటి. ఈ రెండో రకం జ్ఞానమే టీచర్‌ని సబ్జెక్టు నిపుణుడి నుంచి వేరు చేస్తుందని లీ షుల్మన్ అనే విద్యావేత్త 1986లో సిద్ధాంతీకరించారు. అది ఏ ట్రైనింగ్ మాడ్యూల్‌లోనూ పూర్తిగా దొరకదు. ఇలా కాగితాలు ముందేసుకుని కూర్చుంటేనే పోగవుతుంది.

మూడో అడుగు: ఒక్క అలవాటు మార్చి, మిమ్మల్ని మీరే వినండి

ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారు? మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు అమెరికాలో సైన్స్ క్లాసుల రికార్డింగులు విని చూస్తే, టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతున్నారని తేలింది. ఆ తర్వాత వాళ్లే జవాబు చెప్పేస్తారు, లేదా ఇంకో పిల్లాడి వైపు తిరుగుతారు. ఆ ఒక్క సెకనుని మూడు సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పొడవయ్యాయి, అసలు జవాబే రాని సందర్భాలు తగ్గాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు మాట్లాడారు.

హెడ్ మాస్టర్‌కి చెప్పి, ఫోన్‌లో ఆడియో మాత్రమే ఒక పీరియడ్ రికార్డు చేసుకోండి. వీడియో వద్దు. పిల్లల ముఖాలు ఎవరి స్టేటస్‌లోకి వెళ్తాయో ఎవరికీ తెలియదు. ఇంటికెళ్లేటప్పుడు ఎల్బీనగర్–మియాపూర్ మెట్రోలో చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పది నిమిషాలు వినండి. ప్రశ్న తర్వాత మనసులో సెకన్లు లెక్కపెట్టండి. మన గొంతు మనకే నచ్చదు, అది మామూలే. "అర్థమైందా?" అని ఎన్నిసార్లు అంటున్నామో, ఆ మాటకి క్లాసంతా కలిసి "అయ్యింది టీచర్" అని ఎంత ఇష్టంగా అబద్ధమాడుతోందో కూడా అందులో వినిపిస్తుంది.

నెల రోజులు ఆ ఒక్క అలవాటు మీదే ఉండండి. పాఠం మధ్యలో కావాలని ఆగడం మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, క్లాసు అదుపు తప్పుతోందేమో అని టెన్షన్ వస్తుంది. అప్పుడు ప్రశ్న బోర్డు మీద రాసేయండి. రాసే సమయం ఎలాగూ కలిసొస్తుంది.

నాలుగో అడుగు: ఇంకో టీచర్‌ని క్లాసులోకి పిలవండి

మనకి కష్టమైన అడుగు ఇదే. మన బళ్లలో ఇంకొకరు క్లాసులోకి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారంటే అది ఇన్‌స్పెక్షనే. ఎంఈఓ (మండల విద్యాధికారి) వచ్చినా, కార్పొరేట్ స్కూల్లో అకడమిక్ కోఆర్డినేటర్ వచ్చినా చేతిలో ఒక ఫార్మాట్, అందులో మార్కులు. అందుకే పై అధికారిని కాకుండా, మీ స్థాయిలో ఉండే ఒక స్నేహితురాలినో స్నేహితుణ్ణో పిలవండి. సబ్జెక్టు వేరైనా ఫర్వాలేదు. నన్నడిగితే వేరైతేనే మంచిది, ఆవిడ పాఠం మీద కాకుండా పిల్లల మీద దృష్టి పెడుతుంది.

అడగడం కూడా సూటిగా ఉండాలి. "ఒకసారి మా క్లాసు చూసి చెప్పండి మేడమ్" అంటే ఏం చూడాలో ఆవిడకి తెలియదు. "ఎయిత్ బీలో ఎవరెవరిని పిలుస్తున్నానో, ఎవరిని వదిలేస్తున్నానో చూడండి మేడమ్. పావుగంట చాలు" అనాలి. ఆవిడ చేతికి క్లాసులో కూర్చునే వరుసల బొమ్మ గీసి ఇవ్వండి. మీరు పిలిచిన ప్రతిసారీ ఆ పిల్లాడి గడిలో ఒక గీత పెడుతుంది, అంతే.

తర్వాత స్టాఫ్ రూమ్‌లో మాట్లాడుకునేటప్పుడు ఒక నియమం పెట్టుకోండి: ముందు చూసింది చెప్పాలి, అభిప్రాయం తర్వాత. "క్లాసు చాలా బాగుంది సార్" అన్న మాటతో ఎవరికీ ఒరిగేది లేదు. "సార్, తలుపు వైపు రెండు వరుసల్లోనే గీతలన్నీ ఉన్నాయి. కిటికీ వైపు చివరి బెంచీలో ముగ్గురిని ఒక్కసారి కూడా పిలవలేదు. వాళ్లలో ఒకమ్మాయి రెండుసార్లు చెయ్యి సగం ఎత్తి దించేసింది" అంటే మీకు రేపటికి పని దొరికినట్టే. సగం ఎత్తి దించిన ఆ చెయ్యి, బోర్డు వైపు తిరిగి ఉన్న మనకి ఎప్పటికీ కనపడదు.

లీజర్ పీరియడ్ లేదంటారా? బడ్జెట్ స్కూళ్లలో రోజంతా వరసగా క్లాసులుంటాయని తెలుసు. మొత్తం పీరియడ్ అవసరం లేదు. మీ స్నేహితురాలు సబ్‌స్టిట్యూషన్‌కి, అంటే రాని టీచర్ క్లాసుకి వెళ్లాల్సిన రోజున, ఆ క్లాసునీ మీ క్లాసునీ పావుగంట కలిపి కూర్చోబెట్టి ఒకరు చెప్తుంటే ఒకరు చూడొచ్చు. నెలకి ఒకసారి కుదిరినా ఎక్కువే.

ఏ, బీ, సీ అని సెక్షన్లున్న బడి అయితే ఇంకో మెట్టు పైకి వెళ్లొచ్చు. జపాన్‌లో వందేళ్లకి పైగా ఉన్న పద్ధతి ఇది. ముగ్గురు కలిసి ఒకే పాఠానికి పీరియడ్ ప్లాన్ రాస్తారు, ఒకరు ఏ సెక్షన్‌లో చెప్తారు, మిగతా ఇద్దరూ పిల్లల్ని గమనిస్తారు. ఎక్కడ పిల్లలు తప్పిపోయారో మాట్లాడుకుని ప్లాన్ మారుస్తారు, ఇంకొకరు బీ సెక్షన్‌లో చెప్తారు. పాఠం ముగ్గురిదీ కాబట్టి విమర్శ ఎవరికీ గుచ్చుకోదు. ఏడాదికి రెండు పాఠాలు ఇలా చేస్తే చాలు. పదో తరగతి వాళ్లతో మాత్రం మొదలుపెట్టకండి, సిలబస్ కంగారులో ఎవరి మనసూ నిలవదు.

ఐదో అడుగు: 50 గంటల్ని మీ ప్రశ్నకి వాడుకోండి

జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం ప్రతి టీచర్, ప్రతి హెడ్ మాస్టర్ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి వికాసానికి కేటాయించాలి. సీబీఎస్ఈ స్కూళ్లలో దీన్ని రెండుగా విడగొట్టారు: 25 గంటలు బోర్డు లేదా ప్రభుత్వ శిక్షణ సంస్థల నుంచి, 25 గంటలు స్కూల్లోనే లేదా స్కూల్ కాంప్లెక్స్ (దగ్గర్లోని కొన్ని బళ్ల సమూహం) స్థాయిలో. ఆ రెండో పాతికలోకి పై నాలుగో అడుగుని తీసుకురమ్మని ప్రిన్సిపాల్‌ని అడగండి. బయటి నుంచి మోటివేషనల్ స్పీకర్‌ని పిలిపించడం కంటే ఖర్చు తక్కువ.

ప్రభుత్వ టీచర్లకి ఎల్బీ స్టేడియం ఎదురుగా ఉన్న ఎస్‌సీఈఆర్‌టీ (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ) నుంచి జిల్లాకి, జిల్లా నుంచి మండలానికి, అక్కడి నుంచి కాంప్లెక్స్‌కి ట్రైనింగ్ దిగుతుంది. 2022లో ప్రాథమిక తరగతులకి వచ్చిన తొలిమెట్టు, ఆ తర్వాత పై తరగతులకి వచ్చిన ఉన్నతి అనే కార్యక్రమాలు ఇలా దిగినవే. ఒక్కో మెట్టు దిగేకొద్దీ అసలు విషయం పలచబడుతుంది. రిసోర్స్ పర్సన్‌ది, అంటే ట్రైనింగ్ ఇచ్చేవారిది తప్పనడం లేదు, పద్ధతే అలాంటిది. అందుకని ఖాళీ చేతుల్తో వెళ్లకండి. మీ కుప్పల కాగితాల్లోంచి నాలుగు తీసుకెళ్లి, టీ విరామంలో రిసోర్స్ పర్సన్‌కి చూపించి "ఈ పిల్లాడికి మీరైతే ఏం చేస్తారు సార్?" అని అడగండి. సెషన్ మొత్తం ఇవ్వనిది ఆ ఐదు నిమిషాలు ఇస్తాయి. తిరిగొచ్చాక వారంలోపు ఒక్క విషయం క్లాసులో వాడండి. వారం దాటితే ఇక వాడరు.

2017లో మొదలైన దీక్షా అనే ఆన్‌లైన్ వేదికలో, 2019లో మొదలైన నిష్ఠా అనే టీచర్ల శిక్షణ కార్యక్రమం కోర్సులున్నాయి. ఫోన్‌లో వీడియో ఓ పక్క నడుస్తుంటే ఇంకో పక్క వంట చేసుకుని సర్టిఫికెట్ తీసుకోవడం ఎలాగో అందరికీ తెలుసు. గడువు ఉన్నప్పుడు అలాగే కానివ్వండి, ఎవరూ తప్పుపట్టరు. కానీ మీ ప్రశ్నకి సంబంధించిన ఒక్క కోర్సుని మాత్రం పెన్నూ కాగితం పెట్టుకుని చేయండి.

ఇక టెట్, అంటే టీచర్ అర్హత పరీక్ష. ఐదేళ్లకి మించి సర్వీసు మిగిలి ఉన్న ఇన్‌సర్వీస్ టీచర్లు కూడా రెండేళ్లలో టెట్ పాస్ కావాలని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న చెప్పింది. ఐదేళ్ల లోపు ఉన్నవాళ్లకి మినహాయింపు ఉన్నా ప్రమోషన్ కావాలంటే రాయాల్సిందే. దాని న్యాయాన్యాయాలు వేరే చర్చ. చదవక తప్పనప్పుడు, శిశు వికాసం, పెడగాజీ (బోధనా పద్ధతులు) పేపర్‌ని మీ క్లాసులోని పిల్లల పేర్లు పెట్టుకుని చదవండి. బిట్లు బట్టీ పట్టడం కంటే త్వరగా తలకెక్కుతుంది.

ఆరో అడుగు: నగరాన్ని వాడుకోండి

ఈ విషయంలో హైదరాబాద్ టీచర్లు అదృష్టవంతులు. ఇంగ్లీష్ చెప్పేవాళ్లకి తార్నాక దగ్గర ఇఫ్లూ (ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఉంది. ఇంగ్లీష్ టీచర్ల శిక్షణ కోసమే 1958లో పుట్టిన సంస్థ అది. ఉర్దూ మీడియం టీచర్లకి గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ప్రత్యేకంగా వృత్తి వికాస కేంద్రమే ఉంది. కళలు, సంస్కృతిని పాఠంతో కలపాలనుకునేవాళ్లకి మాదాపూర్‌లో సీసీఆర్‌టీ (సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం) ప్రాంతీయ కేంద్రం వర్క్‌షాపులు పెడుతుంది. ఎంఈడీ ఆలోచన ఉంటే మాసబ్ ట్యాంక్‌లో ఐఏఎస్ఈ అనే టీచర్ విద్యా సంస్థ ఉంది. డిగ్రీ కాలేజీ లెక్చరర్లకి యూజీసీ శిక్షణ కేంద్రాలు ఇప్పుడు మాలవీయ మిషన్ పేరుతో నడుస్తున్నాయి.

2022–23లో సర్కారీ బళ్లలో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం మొదలైనప్పుడు ఎడమ పేజీ, కుడి పేజీలో రెండు భాషలుండే పుస్తకాలొచ్చాయి. పిల్లల కోసం వచ్చినవే గానీ, ఇంగ్లీష్‌లో సైన్స్ చెప్పడానికి తడబడే టీచర్‌కి అంతకన్నా మంచి స్వయంశిక్షణ పుస్తకం లేదు. రేపటి పాఠం రెండు పేజీలూ రాత్రి పైకి చదువుకోండి.

సబ్జెక్టు లోతు కోసం నా సలహా: ఏడాదికి ఒక పాఠాన్ని మీ ఊరి నుంచి తయారుచేయండి. సోషల్ టీచర్‌కి 1908 సెప్టెంబర్ 28న వచ్చిన మూసీ వరద ఒక్కటి చాలు. ఆ రోజు జనం ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం మూడూ అందులోనే ఉన్నాయి. దీనికి కావాల్సిన పాత పుస్తకాల కోసం నది ఒడ్డునే అఫ్జల్‌గంజ్‌లో, 1891లో మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. అలాంటి పాఠం ఒక్కటి తయారుచేసిన టీచర్, పాఠ్యపుస్తకంలోని మిగతా పాఠాల్ని కూడా వేరే కంటితో చూడటం మొదలుపెడతారు. సైన్స్ వాళ్లకి నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియం ఉంది. పిల్లల్ని తీసుకెళ్లే ముందు ఒకసారి ఒంటరిగా వెళ్లి, ఏ రెండు ప్రదర్శనల దగ్గర ఆగాలో తేల్చుకుని రండి.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాలు, డిసెంబర్‌లో బుక్ ఫెయిర్ ఎలాగూ తెలిసినవే. మన నగరం నుంచే టీచర్ల కోసం టీచర్ ప్లస్ అనే ఇంగ్లీష్ పత్రిక వస్తోంది. టీచర్లు రాసినవే అందులో చాలా ఉంటాయి, ఒకరోజు మీరూ రాయొచ్చు. ఏఐ టూల్స్ ప్రశ్నలు తయారుచేయడానికి పనికొస్తాయి. కానీ తెలుగులో తప్పుల్ని కూడా ధీమాగా రాసిస్తాయి కాబట్టి ప్రతి వాక్యం చదివాకే పిల్లలకివ్వండి.

ఏడో అడుగు: సర్వీసుని బట్టి దారి మార్చండి

మొదటి మూడేళ్లు పైవన్నీ చేయకండి. క్లాసు నిర్వహణ, పాఠ్యపుస్తకం మొత్తాన్ని ఒకసారి లోతుగా చదవడం, రెండో అడుగు. ఇవి చాలు. మంచి పేరున్న సీనియర్ క్లాసులో వెనక కూర్చోవడం ఈ వయసులో సులువు, ఎవరూ తప్పుగా అనుకోరు.

ఏడెనిమిదేళ్లు దాటాక అసలు ప్రమాదం. పాఠాలన్నీ నోటికొచ్చేస్తాయి, పుస్తకం తెరవకుండా చెప్పగలుగుతాం, దాన్నే అనుభవం అనుకుంటాం. ఈ దశలో కావాలని తరగతి మార్చుకోండి. ఎప్పుడూ పదో తరగతే చెప్పేవాళ్లు ఆరు అడగాలి, ఆరు చెప్పేవాళ్లు తొమ్మిది అడగాలి. హెచ్ఎం ఒప్పుకోవడం కష్టమే, పదో తరగతి రిజల్ట్ ఆయన తలమీద ఉంటుంది. ఒక్క సెక్షన్ అయినా అడిగి చూడండి.

పదిహేనేళ్లు దాటినవాళ్లు కొత్తవాళ్లకి అండగా నిలబడాలి. 11,062 పోస్టులతో వచ్చిన 2024 డీఎస్సీ తర్వాత తెలంగాణ బళ్లలోకి కొత్త టీచర్లు వచ్చారు. వాళ్లకి "మా రోజుల్లో" కథలు వద్దు. మీ క్లాసు చూడమని పిలవండి, తర్వాత "నేను ఎక్కడ తడబడ్డాను?" అని మీరే అడగండి. కొత్తమ్మాయి మొదట మొహమాటపడి "అంతా బాగుంది సార్" అంటుంది. రెండోసారికి ఒకటి చెప్తుంది.

రాసి పెట్టుకోవడం

టీచర్ డైరీ అధికారుల కోసం. మీ కోసం వేరే నోటు పుస్తకం పెట్టుకోండి. రోజూ రాయాలనుకుంటే రాయరు. శుక్రవారం చివర్లో మూడు విషయాలు రాయండి: ఈ వారం పిల్లలు ఎక్కడ ఇరుక్కున్నారు, నేనేం మార్చాను, ఏమైంది. కుప్పల్లోంచి రెండు మూడు కాగితాలు పేర్లు కొట్టేసి అందులోనే అంటించండి. ఎన్నికల డ్యూటీ, సర్వే డ్యూటీ పడిన వారం ఖాళీగా వదిలేయండి.

ఏప్రిల్‌లో ఎస్ఏ–2 (ఏడాది చివరి పరీక్ష) పేపర్లు దిద్దాక ఒక సాయంత్రం కూర్చుని మొత్తం తిరగేయండి. జూన్‌లో పెట్టుకున్న ప్రశ్నకి జవాబు దొరికిందా, సగం దొరికిందా, ప్రశ్నే మారిపోయిందా? అది ఒక పేజీలో రాయండి. ట్రాన్స్‌ఫర్ వస్తే ఆ పేజీకి జిరాక్స్ తీసి, మీ స్థానంలోకి వచ్చే టీచర్‌కి ఇవ్వండి. ఏ సెక్షన్‌లో ఎవరు పాయింటు తర్వాతి అంకెల్ని ఎలా చదువుతారో ఆయనకి జూన్‌లోనే తెలిసిపోతుంది.